సీబీపీ మెషీన్ కొనే ముందు: చాంబరా, త్రీ పార్టా, ఫైవ్ పార్టా?

పోయిన వానకాలానికి ముందు ములుగు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదివి, హన్మకొండలో ఓ ల్యాబ్‌లో నాలుగేళ్లు పనిచేసి, సొంతంగా ల్యాబ్ పెట్టుకుంటున్నాడు. "అన్నా, త్రీ పార్ట్ తీసుకుంటే సరిపోతదా, ఫైవ్ పార్టే తీసుకోవాల్నా? కంపెనీ వాళ్లు ఫైవ్ పార్టే తీసుకోమంటున్నరు" అని అడిగాడు. సీబీపీ అంటే రక్తంలోని కణాలను లెక్కపెట్టే పరీక్ష. చాంబర్ అంటే గీతలున్న గాజు పలక మీద మైక్రోస్కోప్‌తో మనమే లెక్కపెట్టడం. త్రీ పార్ట్ మెషీన్ తెల్ల కణాలను మూడు రకాలుగా, ఫైవ్ పార్ట్ ఐదు రకాలుగా విడగొడుతుంది. ఇలాంటి ఫోన్లు నాకు ఏడాదికి నాలుగైదు వస్తాయి. పరకాల, నర్సంపేట, జమ్మికుంట, ఎక్కడి నుంచి చేసినా నేను ముందు అడిగేది ఒకటే: "స్లైడ్ ఎవరు చూస్తరు?"

మెషీన్ గురించి అడిగితే స్లైడ్ (రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసేది) మాట ఎత్తుతాడేంటి అనుకుంటారు. కానీ నా అనుభవంలో త్రీ పార్టా, ఫైవ్ పార్టా అన్నది తేలేది అక్కడే. తెల్ల కణాలను లెక్కపెట్టడంలో మెషీన్ మనకంటే చాలా మేలు, అందులో అనుమానం లేదు. వాటిని గుర్తుపట్టడం వేరే పని. ఆ పనిలో ఏ మెషీన్ ఎక్కడ ఆగిపోతుందో తెలిసి, ఆగిపోయిన చోట మైక్రోస్కోప్ ముందు కూర్చునే మనిషి ఉంటే తక్కువ ధర మెషీన్‌తో కూడా మంచి రిపోర్ట్ ఇవ్వొచ్చు. ఆ మనిషి లేకపోతే ఎంత ఖరీదైనది కొన్నా ఏదో ఒకరోజు తప్పు రిపోర్ట్ బయటికి పోతుంది.

చాంబర్‌ను ఎక్కడ వదిలేయాలి

నేను చాంబర్ మీదే పని నేర్చుకున్నాను. పిపెట్‌లో 0.5 గీత దాకా రక్తం, 11 గీత దాకా టర్క్ ఫ్లూయిడ్ లాగితే ఒకటికి ఇరవై పలచన అవుతుంది. అందులోని అసిటిక్ యాసిడ్ ఎర్ర కణాలను పగలగొడుతుంది, జెన్షన్ వయొలెట్ తెల్ల కణాల కేంద్రకాలకు రంగు పట్టిస్తుంది. న్యూబార్ చాంబర్ నాలుగు మూలల్లోని పెద్ద గడులు లెక్కపెట్టి 50తో గుణిస్తే టోటల్ కౌంట్, అంటే ఒక మైక్రోలీటర్ రక్తంలో ఉన్న తెల్ల కణాలు. గీత మీద పడ్డ కణాల్లో పైగీతనూ ఎడమగీతనూ తాకినవి కలుపుకోవాలి, కింది గీత, కుడి గీత మీదివి వదిలేయాలి. ఈ పద్ధతి తప్పని నేను ఎప్పటికీ అనను. కానీ దాని హద్దు ఎక్కడుందో ఒకసారి కాగితం మీద వేసి చూడండి.

నాలుగు గడుల్లో 120 కణాలు వచ్చాయనుకుందాం. కౌంట్ 6,000. అదే రక్తాన్ని అదే చెయ్యి మళ్లీ మళ్లీ చాంబర్‌లో నింపితే, ఏ తప్పూ చేయకపోయినా, కణాలు పడే తీరును బట్టే ఆ 120 కాస్తా వందలో 95 సార్లు 98కీ 142కీ మధ్య ఊగుతుంది. అంటే రిపోర్ట్ 4,900 రావొచ్చు, 7,100 కూడా రావొచ్చు. మామూలు జ్వరం పేషెంట్‌కు దీనివల్ల పెద్దగా పోయేదేం లేదు. కీమో తీసుకుంటున్న పేషెంట్‌కు అసలు కౌంట్ 800 ఉందనుకోండి. గడుల్లో పడేది 16 కణాలే, ఊగేది 8 నుంచి 24 దాకా. 400 అని రాస్తే డాక్టర్ ఒక నిర్ణయం తీసుకుంటాడు, 1,200 అని రాస్తే ఇంకోటి. పిపెట్‌లో బుడగ వచ్చిందా, రక్తం గీత దాటిందా అన్న తప్పులు దీనికి అదనం.

డీసీ, అంటే తెల్ల కణాల్లో ఏ రకం ఎంత శాతమో చెప్పే లెక్క, దాని సంగతీ అంతే. వంద కణాలు చూసి ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల కణాలు) 5 శాతం అని రాస్తే అసలు విలువ 1 నుంచి 12 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పది వేల కణాలు చూస్తే ఆ తేడా 4 నుంచి 6 శాతం మధ్యకు దిగుతుంది. మెషీన్ గొప్పతనం ప్రధానంగా ఇదే, ఎక్కువ కణాలను చూస్తుంది. అలసిపోదు కూడా. డెంగ్యూ సీజన్‌లో రాత్రి పదింటికి యాభయ్యో స్లైడ్ చూసే కళ్లకు ఆ మాట విలువ తెలుసు.

రోజుకు పదికి మించి సీబీపీలు రాని చిన్న ల్యాబ్ చాంబర్‌తో నడవొచ్చు. మెషీన్ ఉన్నవాళ్లు కూడా చాంబర్‌ను బీరువాలో పెట్టేయకండి. వెన్ను నీరు లాంటి ఫ్లూయిడ్స్‌లో కణాలు లెక్కపెట్టడానికి, మెషీన్ ఆగిపోయిన రోజుకు అది కావాలి.

త్రీ పార్ట్ ఏం చూస్తుంది, ఏం చూడదు

ఈ మెషీన్లన్నిటికీ మూలం వాలెస్ కౌల్టర్ అనే అమెరికన్ ఇంజినీర్ ఆలోచన, దానికి 1953లో పేటెంట్ వచ్చింది. ఉప్పునీళ్ల లాంటి డైల్యుయెంట్‌లో పలచన చేసిన రక్తాన్ని చాలా సన్నటి రంధ్రం గుండా లాగుతారు. రంధ్రానికి అటూ ఇటూ కరెంటు పారుతుంటుంది. కణం దాటిన ప్రతిసారీ కరెంటుకు అడ్డు తగిలి ఒక పల్స్ వస్తుంది. ఎన్ని పల్స్‌లో అన్ని కణాలు, పల్స్ ఎంత ఎత్తో కణం అంత పెద్దది.

తెల్ల కణాల కోసం ముందు లైస్ అనే ద్రావణం వేసి ఎర్ర కణాలను పగలగొడతారు. మిగిలిన వాటిని సైజును బట్టి మూడు కుప్పలు చేస్తుంది: చిన్నవి లింఫోసైట్స్, పెద్దవి గ్రాన్యులోసైట్స్, నడిమివి "మిడ్". చాలా మెషీన్లలో సుమారు 35 ఫెమ్టోలీటర్లకు (కణం సైజు కొలత) పైనున్నదల్లా తెల్ల కణమే అని లెక్కలోకి పోతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే త్రీ పార్ట్ చేసే తప్పుల్లో సగం ముందే పట్టుకోవచ్చు.

ఏజెన్సీ ఊరి నుంచి వచ్చిన ఒక ఆడపిల్ల సాంపిల్ నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అప్పుడు నేను పనిచేస్తున్న చోట త్రీ పార్ట్ ఉండేది. తెల్ల కణాలు 32,000 అని ప్రింట్ వచ్చింది. హిమోగ్లోబిన్ బాగా తక్కువ. ఆ నంబర్ చూసిన ఎవరికైనా పెద్ద ఇన్ఫెక్షన్ అనిపిస్తుంది. నాకు అనుమానం వచ్చింది నంబర్ వల్ల కాదు, గ్రాఫ్ వల్ల. మామూలు సాంపిల్‌లో తెల్ల కణాల గ్రాఫ్ ఎడమ చివర నేలకు ఆనుకుని మొదలవుతుంది. ఈ పిల్ల గ్రాఫ్ మొదట్లోనే గోడలా లేచి ఉంది. అంటే 35 గీత దగ్గర తెల్ల కణం కానిదేదో తోసుకొస్తోంది. స్లైడ్ వేసి లీష్‌మన్ స్టెయిన్ చేసి చూస్తే కొడవలి ఆకారపు ఎర్ర కణాలు, వాటి మధ్య కేంద్రకం ఉన్న ఎర్ర కణాలు. వంద తెల్ల కణాలు లెక్కపెట్టేలోపు అలాంటివి 60 వచ్చాయి. లైస్‌కు ఎర్ర కణం పగిలినా కేంద్రకం పగలదు, మెషీన్ దాన్ని లింఫోసైట్ అనుకుంటుంది. సరిచేసే లెక్క తేలికే: 32,000ను 100తో గుణించి 160తో భాగిస్తే 20,000. ఎక్కువే, కానీ 32,000 కాదు. అంతకంటే ముఖ్యం, ఆ పిల్లకు సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే ఎర్ర కణాల జబ్బు) అన్న అనుమానం డాక్టర్‌కు ఆ రోజే చేరింది.

కంపెనీ బ్రోచర్‌లో ఇది కనపడదు, కానీ మన వైపు ల్యాబ్‌లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గోండు గూడేల్లో, ములుగు, భద్రాద్రి కోయ గూడేల్లో సికిల్ సెల్ ఉంది. 2023 జూలై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో తెలంగాణ కూడా ఉంది. సికిల్ సెల్, తలసీమియా, కాలేయం జబ్బు ఉన్నవాళ్లలో కొన్ని ఎర్ర కణాలు లైస్‌కు మొండికేసి అసలు పగలవు కూడా. అవీ తెల్ల కణాల ఖాతాలోకే పోతాయి.

రెండో చిక్కు ఆ "మిడ్" కుప్ప. మోనోసైట్స్, ఇసినోఫిల్స్, బేసోఫిల్స్, ఒక్కోసారి లుకేమియా (రక్త క్యాన్సర్) బ్లాస్ట్‌లు, అంటే ఎదగని కణాలు కూడా అందులోకే చేరతాయి. రాత్రంతా ఆగని దగ్గుతో వచ్చే పేషెంట్, ఆస్తమా, నులిపురుగులు, బోదకాలు ఉన్న ప్రాంతాల్లో కనిపించే ట్రాపికల్ ఇసినోఫీలియా, వీటన్నిటికీ డాక్టర్ అడిగేది ఇసినోఫిల్స్ ఎంత అని. త్రీ పార్ట్ దానికి జవాబు చెప్పలేదు. మిడ్‌లో ఉన్నదాన్ని అందాజాగా విడగొట్టి "మోనోసైట్స్ 4, ఇసినోఫిల్స్ 3" అని టైప్ చేసి ఇచ్చే రిపోర్ట్‌లు నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. స్లైడ్ చూసి రాయండి, లేదా మిడ్ అనే ఇవ్వండి. మెషీన్ చూడని దాన్ని మనం చూసినట్టు రాస్తే ఆ కాగితాన్ని నమ్మి మందు వేసుకునేది పేషెంట్.

ఫైవ్ పార్ట్‌లో ఎక్కువేంటి

ఫైవ్ పార్ట్ సైజుతో ఆగదు. కణాలను ఒకదాని వెనక ఒకటి లేజర్ ముందు నడిపించి, వెలుతురు ఏ వైపు ఎంత చెదిరిందో చూస్తుంది. దాన్నిబట్టి కణం లోపలి గింజలు, కేంద్రకం ఆకారం అంచనా వేస్తుంది. పేరు ఒకటే గానీ లోపలి పని కంపెనీకో తీరు. సిస్‌మెక్స్ ఫ్లోరసెంట్ రంగు వాడుతుంది, బెక్‌మన్ కౌల్టర్ వాల్యూమ్, కండక్టివిటీ, స్కాటర్ మూడూ కలిపి చూస్తుంది, సీమెన్స్ అడ్వియా పెరాక్సిడేజ్ రంగు చర్యను వాడుతుంది. ఇసినోఫిల్స్ విడిగా వస్తాయి. అనుమానం ఉన్న సాంపిల్‌కు బ్లాస్ట్, ఎటిపికల్ లింఫ్ (మామూలుగా లేని లింఫోసైట్స్) లాంటి ఫ్లాగ్‌లు, అంటే హెచ్చరిక గుర్తులు వేస్తుంది. డెంగ్యూ రోజుల్లో ఈ రెండో ఫ్లాగ్ చాలా పనికొస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఫైవ్ పార్ట్ అయినంత మాత్రాన కేంద్రకం ఉన్న ఎర్ర కణాలను (ఎన్‌ఆర్‌బీసీ) విడిగా లెక్కపెట్టదు. సిస్‌మెక్స్ ఎక్స్‌ఎన్ లాంటి పెద్ద మెషీన్లు ఎన్‌ఆర్‌బీసీని లెక్కపెట్టి తెల్ల కణాల కౌంట్‌ను వాటంతటవే సరిచేస్తాయి. చిన్న ఫైవ్ పార్ట్‌లలో చాలావాటికి ఆ సదుపాయం లేదు, మహా అయితే ఫ్లాగ్ వేస్తాయి. ఏజెన్సీ సాంపిల్స్ ఎక్కువ వచ్చే ల్యాబ్ అయితే సేల్స్ అతన్ని "ఎన్‌ఆర్‌బీసీ కౌంట్ ఇస్తదా, ఫ్లాగ్ మాత్రమేనా?" అని అడిగి జవాబు కాగితం మీద రాయించుకోండి.

ఫ్లాగ్ అంటే జవాబు కాదు, "నాకు తెలియట్లేదు, నువ్వు చూడు" అని మెషీన్ మనకు చెప్పడం. అంతర్జాతీయ హెమటాలజీ ల్యాబ్‌ల సంఘం తరఫున 2005లో వచ్చిన 41 నియమాలు ఇందుకే. మొదటిసారి వచ్చిన పేషెంట్‌కు తెల్ల కణాలు 4,000 లోపు గానీ 30,000 పైన గానీ ఉంటే, ప్లేట్‌లెట్లు లక్ష లోపు ఉంటే, ఎన్‌ఆర్‌బీసీ కనిపిస్తే, పుట్టిన బిడ్డ సాంపిల్ అయితే స్లైడ్ చూడాలని వాటిలో ఉంది. డెంగ్యూ సీజన్‌లో ఈ లెక్కన సగం సాంపిల్స్‌కు స్లైడ్ వేయాల్సి వస్తుంది, అందరికీ కుదరదు. కనీసం మీకంటూ ఐదారు నియమాలు రాసి గోడకు అంటించండి. ప్లేట్‌లెట్లు 20,000 అని వస్తే స్లైడ్ చూడకుండా మాత్రం ఫోన్ చేసి చెప్పొద్దు. ఈడీటీఏలో (రక్తం గడ్డకట్టకుండా ట్యూబ్‌లో ఉండే మందు) ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి కౌంట్ తగ్గిపోయిన కేసులున్నాయి, ఆ గుంపులే తెల్ల కణాల కౌంట్‌ను పెంచుతాయి కూడా. సిట్రేట్ అనే వేరే మందున్న ట్యూబ్‌లో మళ్లీ తీసి, వచ్చిన దాన్ని 1.1తో గుణిస్తే సంగతి తేలిపోతుంది.

ఎవరికి ఏది

ఒక్క టెక్నీషియన్, రోజుకు పదిహేను నుంచి నలభై సీబీపీలు, స్లైడ్ బాగా చూడగల మనిషి ఉన్న ల్యాబ్‌కు త్రీ పార్ట్ తీసుకోమంటాను. మిగిలిన డబ్బుతో మంచి బైనాక్యులర్ మైక్రోస్కోప్ కొనండి. ఈ కలయిక స్లైడ్ చూడని ఫైవ్ పార్ట్ కంటే మేలని నా గట్టి నమ్మకం.

నర్సింగ్ హోమ్‌లో ల్యాబ్ నడుపుతూ పిల్లల డాక్టర్, ఊపిరితిత్తుల డాక్టర్, క్యాన్సర్ డాక్టర్ పంపే సాంపిల్స్ చూసేవాళ్లు ఫైవ్ పార్ట్ తీసుకోవాల్సిందే. ఇసినోఫిల్స్, న్యూట్రోఫిల్స్ కచ్చితమైన కౌంట్ వాళ్లకు రోజూ కావాలి. సాంపిల్స్ రోజుకు యాభై, అరవై దాటినా ఫైవ్ పార్టే నయం, ఎందుకంటే అన్ని స్లైడ్లు ఒక మనిషి చూడలేడు, ఏవి చూడాలో ఫ్లాగ్‌లే చెప్పాలి.

స్లైడ్ ఫొటోలు తీసి కణాలను విడగొట్టి చూపించే మెషీన్లు కూడా ఇప్పుడున్నాయి. స్వీడన్ సెల్లావిజన్‌ది ఒకటి, బెంగళూరు సిగ్‌టపుల్ చేసిన ఏఐ100 ఇంకోటి. ఇవి కౌంటర్‌కు బదులు కాదు, మైక్రోస్కోప్‌కు సాయం. మనిషి చూసి ఒప్పుకున్నాకే రిపోర్ట్ పోవాలి. నాలుగైదు ఊళ్లలో కలెక్షన్ సెంటర్లు పెట్టుకుని, పాథాలజిస్ట్ వరంగల్‌లో కూర్చుని చూసే ఏర్పాటుకు పనికొస్తాయి. ఒంటరి ల్యాబ్‌కు ఇప్పుడే తొందర లేదు.

డబ్బు లెక్క

మెషీన్ ధర ఒకసారి కడతాం, రీఏజెంట్‌కు (మెషీన్‌లో వాడే ద్రావణాలు) రోజూ కడతాం. సేల్స్ అతను చెప్పే "ఒక్కో టెస్ట్‌కు ఇంత" అన్న లెక్కలో పొద్దున స్టార్టప్, బ్యాక్‌గ్రౌండ్ చెక్, మూడు కంట్రోళ్లు (విలువలు ముందే తెలిసిన రక్తం), సాయంత్రం షట్‌డౌన్ ఉండవు. ఇవన్నీ కలిపి రోజుకు ఎనిమిది టెస్ట్‌లంత రీఏజెంట్ తాగుతాయనుకుందాం. రోజుకు 80 సాంపిల్స్ ఉంటే అసలు ఖర్చు పదో వంతు పెరుగుతుంది. పదే ఉంటే దాదాపు రెట్టింపవుతుంది. కంట్రోల్ రక్తం తెరిచాక రెండు వారాలకు మించి పనికిరాదన్నట్టే చాలావాటిపై రాసి ఉంటుంది, వాడినా వాడకపోయినా పారేయాల్సిందే. అది ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. కంట్రోల్ వేయకుండా మిగుల్చుకునే డబ్బును మాత్రం ఆదా అనకండి, పేషెంట్‌కు ఇచ్చే నంబర్‌కు పూచీ అదొక్కటే.

మెషీన్ ఉచితంగా పెట్టి, నెలకు ఇన్ని టెస్ట్‌ల రీఏజెంట్ కొనాలనే ఒప్పందాలు కూడా ఉన్నాయి. వాటిలో ఒక్క పదం చూసుకోండి: నెలకా, ఏడాదికా? మన దగ్గర ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా జ్వరాలతో ల్యాబ్ కిటకిటలాడుతుంది, ఫిబ్రవరి, మార్చిలో ఖాళీగా ఉంటుంది. నెలవారీ లెక్క రాసుకుంటే ఖాళీ నెలల్లో జేబులోంచి కట్టాలి. ఏడాది మొత్తం మీద రాయించుకోండి.

ఎండ, కరెంటు, ఇంజినీర్

చాలా మెషీన్ల మాన్యువల్‌లో గది 30 డిగ్రీల లోపు ఉండాలని రాసి ఉంటుంది. మే నెలలో మన దగ్గర బయట 43, 44 కొడుతుంది, రామగుండం సంగతి చెప్పనక్కర్లేదు. రేకుల గదిలో పెట్టిన మెషీన్ మధ్యాహ్నం ఒక నంబర్, పొద్దున ఒక నంబర్ ఇస్తే రీఏజెంట్‌ను తిట్టి లాభం లేదు. ఏసీ ఖర్చును మెషీన్ ఖర్చులోనే కలిపి చూసుకోండి. ఆన్‌లైన్ యూపీఎస్, సరైన ఎర్తింగ్ కూడా అంతే. సాంపిల్ మధ్యలో ఉండగా కరెంటు పోతే రక్తం గొట్టాల్లో, రంధ్రం దగ్గర ఉండిపోయి అడ్డుపడుతుంది.

ఇంజినీర్ ఎక్కడ ఉంటాడో అడగండి. హైదరాబాద్ నుంచి కాజీపేటకు పొద్దున రైలెక్కితే మధ్యాహ్నంలోపు మీ ముందుంటాడు. అదే ఏటూరునాగారానికో, సిర్పూర్‌కో రావాలంటే రోజు గడిచిపోతుంది. బ్రోచర్‌ను నమ్మకుండా మీ చుట్టుపక్కల అదే మెషీన్ వాడుతున్న రెండు ల్యాబ్‌లకు వెళ్లి, "పోయినసారి పాడైతే ఎన్ని రోజులకు వచ్చిండు?" అని అడగండి. అందులో వచ్చే జవాబు మెషీన్ మోడల్ కంటే ముఖ్యం. నేనైతే వరంగల్‌లో మనిషి ఉన్న మామూలు కంపెనీని, హైదరాబాద్‌లో మాత్రమే మనిషి ఉన్న పెద్ద కంపెనీ కంటే ముందు పెడతాను.

డెమో రోజు

కంపెనీ తెచ్చిన కంట్రోల్ మీద డెమో చూసి సంతకం పెట్టొద్దు. మీ సాంపిల్స్ వేయండి. కనీసం నలభై, అందులో తక్కువ కౌంట్, ఎక్కువ కౌంట్ రెండూ ఉండేలా చూసి, నమ్మకమైన ల్యాబ్‌లో వచ్చిన విలువలతో పక్కపక్కన పెట్టుకోండి. ఒకే సాంపిల్ పదిసార్లు వేసి ఎంత ఊగుతుందో చూడండి. తర్వాత క్యారీఓవర్, అంటే ముందు సాంపిల్ తర్వాతి దాంట్లోకి ఎంత అంటుకొస్తుందో: బాగా ఎక్కువ కౌంట్ ఉన్నది మూడుసార్లు, వెంటనే బాగా తక్కువది మూడుసార్లు వేయాలి. ఎక్కువది మూడోసారి 90,000, తక్కువది మొదటిసారి 2,600, మూడోసారి 2,000 వచ్చాయనుకోండి. 600ను 88,000తో భాగిస్తే 0.7 శాతం దగ్గర. కంపెనీ స్పెసిఫికేషన్‌లో రాసిన హద్దుతో పోల్చి చూసుకోండి. ట్యూబ్‌ను నెమ్మదిగా ఎనిమిది, పదిసార్లు తిప్పి కలపకుండా ఇవన్నీ చేస్తే మాత్రం మెషీన్‌ను పరీక్షించినట్టు కాదు.

కొన్నాక కూడా పరీక్ష ఆగకూడదు. ఢిల్లీ ఎయిమ్స్ నడిపేలాంటి బయటి నాణ్యత కార్యక్రమాల్లో చేరితే, మీకు పంపిన రక్తం మీద మీ నంబర్ మిగతా ల్యాబ్‌లతో ఎలా ఉందో తెలుస్తుంది.

ములుగు తమ్ముడు చివరికి త్రీ పార్టే తీసుకున్నాడు. వచ్చే సాంపిల్స్ రోజుకు పాతిక లోపే, స్లైడ్ తనే చూడగలడు, మేడారం వైపు గూడేల నుంచి పేషెంట్లు వస్తారు కాబట్టి చూడక తప్పదు కూడా. మొదటి నెలంతా గ్రాఫ్ ఎడమ చివర లేచిన ప్రతి సాంపిల్ స్లైడ్‌ను కాగితంలో చుట్టి, ఆదివారం హన్మకొండ బస్సెక్కి నా దగ్గరికి తెచ్చేవాడు. ఇద్దరం కూర్చుని విడివిడిగా లెక్కపెట్టేవాళ్లం. నాలుగో ఆదివారానికి అతని ఎన్‌ఆర్‌బీసీ లెక్కా నా లెక్కా దాదాపు ఒకటే వచ్చాయి, ఆ తర్వాత స్లైడ్లు తేవడం మానేశాడు.